మామిడి మాను మీద సుద్దగుర్తు

తన మొగుడి చేతికి నునుపు తప్ప మరేదీ గిట్టదని ఆవిడ ఫిర్యాదు. ఆయనది టైల్స్ కర్మాగారంలో తనిఖీ ఉద్యోగం. కళ్లు మూసుకుని టైలు మీద అరచెయ్యి పోనిస్తాడు. ఆవగింజంత బొడిపె తగిలినా సుద్దముక్కతో అడ్డంగా కొట్టేస్తాడు. ఇంట్లో ఇస్త్రీ దుప్పటి కూడా ఆ చేతి కింద నెగ్గి తీరాలి.

ఆదివారం ఆ చెయ్యి వాకిట్లో మామిడాకు మీద పడింది. ఆకు నిండా బొడిపెలు. మరుక్షణం మాను మీద సుద్దగుర్తు. ఇది వీధంతా అంటుకునే రోగమని తేల్చి, గురువారం పొద్దున్నే రమ్మని చెట్లు కొట్టే మేస్త్రీకి కబురు పెట్టేశాడు.

వంటింటి కిటికీకి ఉన్న నీడల్లా ఆ చెట్టే. మండుటెండలో పొయ్యి దగ్గర నిలబడేది ఆయన కాదు కదా.

కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన మనిషి కనుక, భోజనాల దగ్గర ఓపిగ్గా చెప్పింది. దోమలో సగం కూడా ఉండని ఈగ ఒకటి లేతాకులో గుడ్డు పెడుతుందట. పిల్లపురుగు చుట్టూ ఆకే ఉబ్బి గదిలా మారుతుందట. రెక్కలొచ్చాక ఆ గదికి కన్నం చేసుకుని ఎగిరిపోతుందట. నాలుగాకులు రాలితే రాలొచ్చు గానీ చెట్టుకు ప్రాణభయం లేదట.

“నువ్వు చదివి ఎన్నేళ్లయింది? నేను రోజూ వెయ్యి టైల్స్ చూస్తాను,” అన్నాడాయన.

ఆవిడ బొడిపెలున్న రెమ్మను నీళ్లసీసాలో నిలబెట్టి, పైన పల్చటి గుడ్డ ముసుగేసి, ఆయన గడ్డం గీసుకునే అద్దం పక్కన పెట్టింది. సోమవారం ఏమీ లేదు. మంగళవారమూ లేదు. నీ అద్దెవాళ్లు ఇంకా నిద్ర లేవలేదా అని బుధవారం ఆయన పరామర్శించాడు. ఆవిడ నవ్వేసింది గానీ, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

గురువారం మేస్త్రీ తాడు, గొడ్డలితో గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల గడ్డం గీస్తున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. ముసుగు లోపలివైపు పొడుగుకాళ్ల నలుసొకటి పాకుతోంది. ఆకు మీద ఒక బొడిపెకు సూదిమొనంత కన్నం. ఆయన అలవాటుగా కళ్లు మూసుకుని ఆ బొడిపెను తడిమాడు. నొక్కితే అణిగిపోయింది. లోపల బోలు.

ఒక చెంపన నురగతోనే వాకిట్లోకి నడిచి, భుజం మీది తువ్వాలుతో మాను మీద గుర్తు తుడిచేశాడు.

“చెట్టు బాగానే ఉందయ్యా,” అని మేస్త్రీతో గొణిగాడు. “తప్పు నాది.”

కిటికీ లోంచి ఆవిడ అంది: “ఏవండీ, పొయ్యి చప్పుడులో సరిగా వినపడలేదు.”

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా గొంతు పెంచాడు.

“తప్పు నాదే అంటున్నాను.”