బుధ, శనివారాల వెండెల్

అక్టోబరులో మేసా అనే ఈ ఎడారి ఊరి ఎండలో పగలంతా ఇనప కుర్చీలో కూర్చోమంటే బుద్ధున్న మనిషెవరూ ఒప్పుకోరు. నేను ఏళ్ల తరబడి ఒప్పుకుంటూనే ఉన్నాను. పెద్ద లీగు గుమ్మం ఇంకా తొక్కని కుర్రాళ్లని బేస్‌బాల్ క్లబ్బులన్నీ ఇక్కడికి తోలతాయి, నెలన్నర ఆడి కాస్త ముదరమని. మేము, అంటే స్కౌట్లం, బ్యాటు పట్టినవాడి వెనకాల వలకి ఇవతల వరసగా కూర్చుని, పక్క క్లబ్బుల కుర్రాళ్లలో పనికొచ్చేవాడెవడా అని వెతుకుతాం. చలికాలంలో బేరాలు మొదలయ్యేలోగా మా క్లబ్బుకి ఒక పేరు చెప్పాలి. అంతే ఉద్యోగం.

చూడడం తేలికే. ఎవర్ని చూస్తున్నామో పక్కవాడికి తెలియకుండా చూడడమే చావు. మా వరసలో ఎవరూ నోరు తెరిచి మెచ్చుకోరు, చప్పట్లు కొట్టరు. మంచివాడు కనబడితే పంటినొప్పి వచ్చినట్టు మొహం పెట్టుకోవాలి. పొరపాటున ఒకడు ఎవరి కోసమో స్టాప్‌వాచీ నొక్కాడా, వరసంతా నొక్కుతుంది. ఎందుకు నొక్కారని అడిగితే ఒక్కడి దగ్గరా జవాబుండదు. పక్కవాడు నొక్కాడు కదా, అదే కారణం.

ఈ ఏడాది వ్యవహారం నా పీకల మీదకొచ్చింది. మా పై అధికారి క్లేటన్, మీసం కూడా సరిగ్గా రాని మనిషి, బయల్దేరే ముందు నన్ను పిలిచాడు.

"ఇప్పుడు అన్ని మైదానాల్లోనూ కెమెరాలున్నాయి మర్లీన్ గారూ. బంతి గాల్లో ఎన్నిసార్లు తిరిగిందో కూడా అవే చెప్పేస్తున్నాయి. ఇంక మీరు చెప్పేదేముంటుంది?"

"అవి చెప్పలేంది చెప్తాను."

"సరే, కెమెరా వద్దన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. వాడికి నిజంగా గిరాకీ ఉంటే మీరూ ఉంటారు, మీ స్కౌట్లూ ఉంటారు. లేకపోతే అందరూ ఇంటికే."

ఒళ్లు మండింది. కానీ మొదటి వారంలోనే నాకు కావలసినవాడు దొరికాడు. యోర్విస్ మదేరా, వెనెజులా కుర్రాడు, ఎడమచేత్తో బంతి విసురుతాడు. బక్కపలచటి మనిషి, బంతిలో వేగం లేదు, కెమెరా వాణ్ణి మనిషి కిందే లెక్కెయ్యదు. కానీ వాడి బంతి ఎదుర్కొన్న ప్రతివాడూ బెంచీకి తిరిగొస్తూ తన బ్యాటుని తిప్పి తిప్పి చూసుకునేవాడు, ఎక్కడైనా చిల్లు పడిందేమోనని. ఆ చూపు కోసమే నేను ఇన్నేళ్లూ ఎండలో మాడింది. నాకు నిజంగా ఒళ్లు జలదరించింది, ఆ ఎండలో కూడా.

చిక్కల్లా ఆర్లో గ్రిగ్స్‌తోనే. వేరే క్లబ్బు స్కౌటు. ఎప్పుడూ నా పక్క కుర్చీయే. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాగితపు గ్లాసులోకి ఉమ్ముతూ, నా కళ్లు ఎటు తిరిగితే తన కళ్లు అటే తిప్పే మనిషి. నేను యోర్విస్‌ని రెండు రోజులు వరసగా చూశానంటే మూడోనాడు ఆర్లో క్లబ్బు ఎగరేసుకుపోతుంది. అందుకని నేను చూస్తున్నట్టు నటించడానికి ఇంకొకడు కావాలి.

వెండెల్ ప్రాట్ దొరికాడు. అదనపు ఆటగాడు. అలాంటివాళ్లని ఇక్కడ బుధవారం, శనివారం తప్ప ఆడనివ్వరు. మిగతా రోజులు పూర్తి వేషం వేసుకుని బెంచీ మీద కూర్చుంటారు. వెండెల్‌ది చూడగానే దండెయ్యాలనిపించే విగ్రహం. కాకపోతే వాడి బ్యాటుకీ బంతికీ ఎప్పట్నుంచో మాటల్లేవు.

ఇక మొదలుపెట్టాను. యోర్విస్ బంతి అందుకుంటే వంగి బూటు లేసు కట్టుకునేదాన్ని, మిగతాసేపంతా బెంచీ మీది వెండెల్‌ని చూసేదాన్ని. వాడు మంచినీళ్ల డబ్బా దగ్గరికి లేస్తే స్టాప్‌వాచీ నొక్కేదాన్ని.

ఆర్లో నమలడం ఆపాడు. "నీళ్లకి వెళ్లేవాడికి కూడా టైము చూస్తున్నావేంటి?"

"నీకెందుకయ్యా?" అన్నాను.

నేను వెండెల్‌ని దాచుకుంటున్నానన్న మాట ఊరంతా పాకింది. తర్వాతి బుధవారానికి వెనకాల రెండు వరసలు నిండిపోయాయి. వెండెల్ నీళ్లకి లేస్తే చాలు, అందరి స్టాప్‌వాచీలూ టిక్కుమనేవి. వాడి నడుము నిటారుగా ఉందని ఒకాయన, కూర్చోవడంలో పెద్దరికం ఉందని ఇంకొకాయన. ఆ శనివారం వాడికి మూడు బంతులేస్తే మూడూ గాలికే కొట్టాడు.

నా వెనకాల ఒక పెద్దమనిషి నిట్టూర్చాడు. "ఎంత నిండుగా తప్పాడు చూశారా. ఎక్కడా కంగారు లేదు."

"తప్పడం కూడా ఒక పద్ధతిగా ఉంది," అన్నాడు పక్కాయన.

నవ్వాపుకోలేక తింటున్న బరిటో రొట్టె నోట్లో కుక్కుకున్నాను. క్లేటన్‌కి మాత్రం ప్రతివారం ఒకటే రాసేదాన్ని: యోర్విస్‌ని పట్టండి, ఎవరూ చూడకముందే పట్టండి. "అర్థమైంది" అని ప్రతివారం జవాబొచ్చేది.

ఆఖరి రోజు ఆట అయిపోయి అందరూ సంచులు సర్దుకుంటుంటే ఫోను మోగింది.

"పట్టేశాం మర్లీన్ గారూ," అన్నాడు క్లేటన్.

"యోర్విస్‌నేనా?"

అతను పకపకా నవ్వాడు. "ఇంక చాల్లెండి నాటకం. వెండెల్‌ని."

సర్దుతున్న సంచి కింద పెట్టేశాను.

"రిపోర్టులు బయటికి పొక్కుతాయని యోర్విస్ పేరు రాశారు కదా. మేమూ కనిపెట్టాం లెండి. క్లబ్బులన్నీ వెండెల్ కోసం కొట్టుకుంటుంటే ఆ మాత్రం అర్థం కాదా? మంచి కుర్రాళ్లని ఇద్దర్ని వదులుకుని మరీ తెచ్చుకున్నాం."

"క్లేటన్, వాడికి బంతి తగలదు."

"కెమెరా కూడా అదే అంది. కెమెరా వద్దన్నవాణ్ణి చూపించమంటే చూపించారు. గిరాకీ కూడా ఉంది. స్కౌట్లని తీసెయ్యమన్నవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. మీరు ఇంకో మూడేళ్లు ఉండాలి."

ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. నా ఉద్యోగం నిలబడింది, నా కింద పనిచేసేవాళ్ల ఉద్యోగాలూ నిలబడ్డాయి, నా కళ్లు మాత్రం ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఏడుపొచ్చింది.

ఆర్లో గింజల పొట్లం నా ముందుకి జాపాడు. "యోర్విస్ మావాడయ్యాడు," అన్నాడు మెల్లగా.

"నువ్వు వాణ్ణి ఒక్కసారి కూడా చూడలేదు కదయ్యా."

"వాణ్ణెందుకు చూస్తాను, నిన్ను చూశాను గానీ. నీళ్లు తాగేవాణ్ణి కూడా వదిలిపెట్టలేదు నువ్వు. ఆ ఎడమచేతివాడు బంతి పట్టుకుంటే మాత్రం వంగి బూటు లేసు కట్టుకునేదానివి. నెలన్నరా అదే లేసు."

గుప్పెడు గింజలు తీసుకున్నాను.

అప్పుడే సంచి భుజానేసుకుని వెండెల్ మా దగ్గరికొచ్చాడు. టోపీ తీశాడు.

"మేడం, నన్ను ఎంచింది మీరేనటగా. ఈ నెలలోనే మానేసి నెబ్రాస్కా వెళ్లిపోదామనుకున్నాను. అక్కడ మా మామయ్యకి టైర్ల కొట్టుంది. మీరు చూస్తున్నారని ఆగిపోయాను. నన్నెవరూ అంతసేపు చూడలేదు మేడం, మా అమ్మతో సహా." కాసేపు టోపీ నలిపాడు. "ఏం చూశారు నాలో?"

వాడి మొహంలోకి చూడాలంటే సిగ్గేసింది. నీ భుజాలనో, నీ నడుమనో ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాను. ఆర్లో చెవులు రిక్కించాడు. అబద్ధం రాలేదు.

"నీళ్ల డబ్బా దగ్గర," అన్నాను, "నువ్వు తాగే ముందు పక్కవాడికి పోసిస్తావు. ఆడి అలిసొచ్చినవాడికి ముందు, నీకు ఆఖర్న. ఒక్కరోజు కూడా తప్పలేదు."

వెండెల్ ఆలోచించాడు. "దానికి కూడా ఉద్యోగం ఇస్తారా మేడం?"

"ఇచ్చేశారు నాయనా."

వాడు తలూపి, ఇంకా సరిగ్గా అర్థంకాని మొహంతోనే బెంచీ వైపు నడిచాడు. పోతూ పోతూ మంచినీళ్ల డబ్బా దగ్గరికి మళ్లాడు. అలవాటైపోయింది కదా, నా బొటనవేలు స్టాప్‌వాచీ నొక్కేసింది.

వెనక వరసలన్నీ టిక్కుమన్నాయి. ఆర్లోది కూడా.