తొమ్మిదో మెట్టు మీద గుండప్ప

ఆదోని మార్కెట్ యార్డుకు ఆదివారం సెలవు. పత్తి బండ్లు రావు, కాటా లేవదు, హమాలీలు ఇల్లు కదలరు. ఆ మధ్యాహ్నం పూట యార్డు గేటుకు ఎదురుగా ఉన్న దేవక్క బజ్జీల అంగట్లో మాత్రం యుద్ధాలు జరుగుతాయి. మూడేళ్లలో అక్కడ పోయిన ప్రాణాలు, శ్రీపాదరావు సార్ నోటుబుక్కు ప్రకారం, నాలుగు వందల పన్నెండు. ఒక రాక్షసుణ్ణి మాత్రం పొరపాటున రెండుసార్లు చంపినట్టు రాసుకున్నారు. వాడి తరఫున అడిగేవాళ్లెవరూ లేక అట్లే వదిలేశారు.

ఆట పేరు 'ఏడు కోటలు'. తెలుగు పంతులుగా రిటైరైన శ్రీపాదరావుకు బెంగళూరులో ఉండే మేనకోడలు మేఘన ఆ ఆట పెట్టె, దానితో నియమాల పుస్తకం పంపింది. ఆడే ప్రతివారికీ కాగితం మీద ఒక వీరుడు ఉంటాడు. సార్ కథ చెబుతారు. వీరుడు ఏం చేస్తాడో ఆడేవాళ్లు చెబుతారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. శత్రువును చంపితే పాయింట్లు, పాయింట్లు నిండితే ఒక మెట్టు పైకి. అందరికంటే ముందు పదో మెట్టెక్కినవాళ్లదే ఏడో కోట సింహాసనం.

ఆ సింహాసనం మీద జయన్నకు కన్ను పడి మూడేళ్లయింది. జిన్నింగు మిల్లులో మెకానిక్కు. మిల్లులో బెల్టు తెగినా ఉలకని మనిషి, తన కత్తివీరుడు గుండప్పకు చిన్న గాయమైతే ఆ రాత్రి అన్నం ముట్టేవాడు కాదు. అట్లా సాకి సాకి గుండప్పను తొమ్మిదో మెట్టుకు తెచ్చాడు. ఇంకా నాలుగంటే నాలుగే పాయింట్లు కావాలి.

సరిగ్గా అప్పుడే, ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే శేఖర్ బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"జయన్నా, ఆగు! పాచికలు కిందపెట్టు! ఆటకు కొత్త కూర్పు వస్తాండాది!"

"వస్తే రానీలే. నాలుగు పాయింట్లు కొట్టుకోనీ నన్ను."

"కొట్టుకుంటే కొంప మునుగుతుందన్నా. పదో మెట్టుకాడ కత్తివీరునికి ఇప్పుడు రెండే దార్లుండాయి గదా, కావలి, వేట. ఒకటి పట్టుకుంటే మళ్లీ మారేకి లేదు. కొత్త పుస్తకంలో మూడో దారి ఉండాదంట. ఇదో సూడు, అట్ట ఫోటో."

ఫోన్లో ఒక మసక బొమ్మ కనిపించింది. కత్తి పట్టుకున్న మనిషి వెనుక ఏదో పెద్ద నల్లటి ఆకారం.

"ఏనుగు!" అన్నాడు శేఖర్. "కత్తివీరునికి ఏనుగిస్తాండారు."

"నాకు పత్తి లారీ మాదిరి కనపడతాంది," అంది దేవక్క బాణలి దగ్గర నుంచి.

జయన్న ఫోను చేతిలోంచి వదల్లేదు. వాళ్ల నాయన పెద్ద పత్తి రైతు. రేటు పెరిగేదాకా సరుకు కదిలించకూడదన్నది ఆ ఇంటి వ్రతం. ఒక ఏడాది ఇంట్లో పత్తి నేల నుంచి దూలాల దాకా నిండి, ఇంటిల్లిపాదీ వాకిట్లో పడుకున్నారు. లోపల ఎలుకలు మాత్రం పరుపుల మీద పొర్లి పొర్లి, ఎండాకాలానికి పిల్లులంత సైజుకు వచ్చాయి. వాటిని చూసి ఊరి పిల్లులు సలాం కొట్టేవని చెప్పుకుంటారు. అంత చూసినా జయన్నకు అబ్బింది ఆ వ్రతమే.

"సార్, గుండప్ప సత్రంలో కూసుంటాడు. కొత్త పుస్తకం వచ్చేదాకా ఒక్క పాయింటు గూడా వద్దు."

"వీరుడు ఊరికే కూర్చుంటే కథ ఎట్ల నడవాలయ్యా?" అన్నారు సార్.

"నడవనీండి సార్. వాడు మాత్రం నడవడు."

రెండు నెలలు గుండప్ప సత్రంలోనే ఉన్నాడు. దొంగలు పడ్డారు. మంచం కింద దూరాడు. తోడేలు వచ్చింది. దాన్ని చంపితే ఆరు పాయింట్లు వచ్చి నెత్తిన పడతాయని హడలిపోయి, తలుపు తీసి, దీపం పట్టి, వీధి చివర దాకా మర్యాదగా సాగనంపాడు. శేఖర్ తన విలుకాణ్ణి కూడా పక్క మంచంలో పడుకోబెట్టి, నోటుబుక్కు నిండా లెక్కలు వేశాడు. ఏనుగుకు మేత ఎవరు పెట్టాలి? ఏనుగుకు కూడా మెట్లుంటాయా? అదే పదో మెట్టెక్కితే దానికేమిస్తారు, ఇంకో ఏనుగునా, లేక ఒక మనిషినా? ఈ చివరి ప్రశ్న మీద ఇద్దరూ మూడు ఆదివారాలు వాదించుకున్నారు. రెండు బాణళ్ల బజ్జీలు అయిపోయాయి గానీ ఏనుగు సంగతి తేలలేదు.

దేవక్కకు ఈ గొడవ పట్టలేదు. శనగపిండి చేత్తోనే పాచిక వేసేది, తన మంత్రగత్తె నాగులమ్మ చేత ఎవర్నో ఒకర్ని చంపించేది, మళ్లీ బజ్జీ తిప్పేది. మగవాళ్లు వదిలేసిన దొంగలు, తోడేళ్లు, దయ్యాలు అన్నీ ఆమెకే పడ్డాయి. నాగులమ్మ ఏ మెట్టు మీద ఉందో చూసినవాడు లేడు. అందరి కళ్లూ ఫోన్లోనే.

ఒక ఆదివారం నాగులమ్మ ఒంటరిగా ఏడో కోటలో దూరింది. గేటు దగ్గర రాక్షసుడు ఒక్క దెబ్బ వేశాడు. ఆమెకు కొన ఊపిరే మిగిలింది.

"జయన్నా, రాప్పా! నీ గుండప్పను లేపు!"

జయన్న లెక్క చూసుకున్నాడు. పోకపోతే దేవక్క చస్తుంది. పోయి చంపితే పాయింట్లొచ్చి పాత దార్లలో ఇరుక్కుంటాడు.

"సార్, పాయింట్లు ఎవరికి పడతాయి?"

సార్ పుస్తకం తిరగేశారు. "ఆఖరి దెబ్బ కొట్టినవాళ్లకే."

"అట్లయితే సరే! గుండప్ప పోయి వాని కాళ్లు పట్టుకుంటాడు. దేవక్కా, నువ్వేసెయ్!"

గుండప్ప కాళ్లు పట్టుకున్నాడు. నాగులమ్మ వేసేసింది. రాక్షసుడు పడ్డాడు. జయన్న తన తెలివికి తానే తొడ చరుచుకున్నాడు.

సార్ కళ్లజోడు సర్దుకుని పాయింట్లు రెండుసార్లు కూడారు. "దేవక్కా, నీకు పదో మెట్టమ్మా."

జయన్న నోటుబుక్కు లాక్కుని చూశాడు.

"అదెట్ల సార్?" అన్నాడు జయన్న. "ఆ యమ్మ అయిదో మెట్టు గదా!"

"రెండు నెలల కిందట, నాయనా. అమ్మా, రెండు దార్లున్నాయి, ఏది కావాల?"

"ఏదో ఒకటి రాయండి సార్, నూనె కాగిపోతాంది."

"అక్కా, తొందరపడొద్దు!" శేఖర్ లేచి నిలబడ్డాడు. "కొత్త పుస్తకంలో మంత్రగత్తెకు ఏమిస్తారో ఏమో!"

"ఇచ్చినబుడు సూసుకుందాంలేప్పా. సార్, సింహాసనం నాదే గదా? అయితే ఎక్కి కూసున్యా. ఇదో నా మొదటి హుకుం. మూడేండ్లనుంచి ఎవురూ కూసోలేదు, ఈ సింహాసనం కింద ఏముండాదో ఏమో. గుండప్పను సూడమను."

సార్ పాచిక వేసి చూశారు. "తేలుంది. చంపితే నాలుగు పాయింట్లు."

జయన్న శేఖర్ వైపు చూశాడు. శేఖర్ ఫోను వైపు చూశాడు. "అన్నా, ఆగు. కొత్త పుస్తకం ఇంకో ఆర్నెల్లకు వాయిదా పడిందంట. అంతవరకూ ఓర్చుకుంటే..."

జయన్న పాచికలు విసిరాడు.

రెండూ ఒకట్లే పడ్డాయి.

"రెండు నెలలు పడుకున్న కత్తి కదా," అన్నారు సార్ నోటుబుక్కులో రాసుకుంటూ. "తుప్పు పట్టి ఒరలోంచి రాలేదు. గుండప్పను తేలు కుట్టింది. వీరుడు కిందపడ్డాడు."

దేవక్క బజ్జీ తీస్తూ ఆగింది. "సార్, నాకొక అనుమానం. తొమ్మిదో మెట్టు మనిషిని పడగొట్టె గదా, ఆ తేలుకు ఎన్ని పాయింట్లు?"

సార్ నిజంగానే పుస్తకం వెతకడం మొదలుపెట్టారు. శేఖర్ కూడా ఫోను కింద పెట్టి దగ్గరికి జరిగాడు. తేలు పదో మెట్టెక్కితే దానికెన్ని దార్లుంటాయో అతనికి అప్పుడే సందేహం పుట్టింది.

"పుస్తకం మూయండి సార్," అన్నాడు జయన్న. పాచికలు ఏరి, చొక్కాకు తుడిచి, గుప్పిట్లో గలగలలాడించాడు. "గుండప్ప ఇంకా సావలేదు. ఇంగోసారి ఏస్తా."