సోడియంలో ఇరవయ్యో న్యూట్రాను

పరమాణువు అన్న మాట ఇంట్లోకి వచ్చినప్పటినుంచి హలీమాకు అన్నం సయించడం లేదు. కూతురు జహీదా ఎమ్మెస్సీ ముగించింది. పరిశోధనకు వచ్చి చేరమని వాల్తేరు యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. తల్లి సరేనంటే తప్ప పంపేది లేదని తండ్రి మాబు తేల్చేశాడు. ఇంట్లో ఏ నిర్ణయమైనా భార్య మీదకు తోసేసి, కలంకారీ అచ్చులు ముందేసుకుని కూర్చునే మనిషాయన.

"ఆఖరిసారి అడుగుతున్నా. అది పేలుద్దా, పేలదా?" అంది హలీమా, చేపలు కడుగుతూ.

"నేను చేసేది కాగితం మీద లెక్కలమ్మా. మహా అయితే పెన్ను కక్కుతుంది."

మాబు కిసుక్కున నవ్వాడు. హలీమా చేతిలో చేపతోనే ఆయన వంక చూసింది. నవ్వు ఆగింది.

"దేని లెక్కలు?"

"పరమాణువు నడిమధ్య కేంద్రకం ఉంటుంది. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు మెట్లు మెట్లుగా సర్దుకుంటాయి. ప్రతిదీ తన చుట్టూ తాను తిరుగుతూనే లోపల చుట్లు కొడుతుంది. రెండు తిరుగుళ్ళూ ఒకే వైపైతే కింది మెట్టు. ఎదురు తిరిగితే పై మెట్టు."

"ఎదురు తిరిగినోళ్ళని పైకెక్కించేది మనింట్లోనే అనుకున్నా."

జహీదా వినిపించుకోనట్టే సాగించింది. "ఆ తేడా వల్లే న్యూట్రాన్లు ఇరవై ఎనిమిది నిండిన దగ్గర మెట్ల మధ్య పెద్ద ఎడం వస్తుంది. ఇరవై దగ్గర మామూలుగానే ఒకటి ఉంది. అక్కడిదాకా నిండితే కేంద్రకం గుండ్రంగా, కుదురుగా ఉంటుందని మాస్టార్లందరూ నమ్మారు."

"నమ్మారంటే?"

ఇక్కడితో ఆపెయ్యమని మాబు కళ్ళతో సైగ చేశాడు. మొదలుపెట్టాక ఆపడం ఆ పిల్లకు రాదు.

"మన ఉప్పులో ఉండే సోడియానికి న్యూట్రాన్లు పన్నెండే. ఈమధ్య ఫారిన్లో ఇరవై కిక్కిరిసి ఉన్నదాన్ని తయారుచేసి తూచారు. తూకం లెక్కకి కలవలేదు. గుండ్రంగా ఉండాల్సింది కోలగా సాగిపోయిందేమో అంటున్నారు. న్యూట్రాన్లు అంత ఎక్కువయ్యాక ఆ ఎడం అసలు మిగులుతుందా? నేను చూడాల్సింది అదే."

హలీమా ఉప్పు జాడీ మూత బిగించి, పొయ్యికి దూరంగా జరిపింది. వాల్తేరు సంగతి ఇక ముగిసిందనుకుంది జహీదా. మాబు మళ్ళీ అచ్చు చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే," అంది హలీమా నెమ్మదిగా, "అంత చదువుకున్నోళ్ళు ఇరవై దగ్గర ఏం కాదులే అని నిబ్బరంగా కూర్చున్నారా?"

"ఊఁ."

"ఏమన్నా అవుద్దేమోనని అనుమానమే రాలేదా?"

"పెద్దగా రాలేదమ్మా."

"హంసలదీవిలో మీ లాల్ మావయ్యకీ అట్టాగే చెప్పారు, తుఫానొచ్చినా ఇటుక గోడలు, ఏం కాదని. నేనెళ్ళి ఏడ్చి రాగం పెట్టి బందరు లాక్కొచ్చా. ఊరంతా నవ్వింది. మర్నాడే ఉప్పెన."

హలీమా చేతులు కడుక్కుని, అటక మీది ట్రంకుపెట్టె దింపమని భర్తకు చూపించింది.

"ఎల్లు. ఆ మాస్టార్ల మధ్య భయపడేది ఒక్కతన్నా ఉండాల."

"నాకు భయం లేదుగా అమ్మా!"

"నా పెంపకంలో పెరిగి లేకపోవడమేంటే? సరిగ్గా వెతుక్కో, ఉంటది."