ఆగితే వణుకు

నేను ఒక స్పోర్ట్స్ కారుని. ఇద్దరికే చోటు, పైన మడతపెట్టే గుడ్డ కప్పు. సముద్రం అవతల పుట్టి, ఓడలో మద్రాసు చేరాను. నన్ను తెప్పించుకున్న జమీందారు గారబ్బాయికి వేగమంటే ప్రాణం. గేదెలు అడ్డం రాని రోడ్డే పాపం ఆయనకి దొరకలేదు. తర్వాత ఓ సినిమా కంపెనీ కొనుక్కుంది. అక్కడ నా స్టీరింగు పట్టిన కథానాయకుడికి డ్రైవింగు రాదు. నన్ను కదలకుండా నిలబెట్టి, ఎదురుగా ఫ్యాను పెట్టి ఆయన జుట్టు ఎగరేసేవారు. హాల్లో జనం ఆ వేగానికి ఈలలు వేసేవారట.

చివరికి కాకినాడలో హోమియో డాక్టరు పట్టాభిరామయ్య గారింటికి వచ్చాను. అప్పటికే నాకు వయసు మీదపడింది. పరుగెత్తినంతసేపూ బాగానే ఉండేదాన్ని. కూడలిలో ఆగానంటే చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళంతా వణుకు. ఆరిపోతానని భయపడి డాక్టరు గారు యాక్సిలరేటరు తొక్కి పట్టేవారు. అయినా దగ్గి దగ్గి ఆరిపోయేదాన్ని. అప్పుడాయన స్టీరింగు ముందు కూర్చునే ఉండేవారు. ఆయన భార్య అనసూయమ్మ దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నన్ను తోసేది.

నా విషయంలో ఊరంతా వైద్యులే. పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నారొకరు. ఎర్ర రంగు కదా, దిష్టి తగిలిందన్నారొకరు. మెకానిక్ జబ్బారు ప్లగ్గులు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు, మళ్ళీ విప్పాడు. వణుకు వణుకే.

ఒకనాడు పెళ్ళికి వెళుతూ మెయిన్ రోడ్డులో సరిగ్గా పెళ్ళి ఊరేగింపు ముందు ఆరిపోయాను. బ్యాండు మేళం వాళ్ళు ఒక చేత్తో నన్ను తోస్తూ, రెండో చేత్తో బాకాలు పట్టుకుని ఊదుతూ మండపం దాకా తెచ్చారు. జనం పెళ్ళికొడుకుని వదిలి మమ్మల్ని చూశారు. ఇంటికి రాగానే అనసూయమ్మ తేల్చి చెప్పేసింది.

"హోటల్ భద్రంగారు అడుగుతున్నారు కదండీ. ఇచ్చేయండి."

భద్రంగారి ఆలోచన నాకు తెలుసు. నా ఇంజిను పీకించి, సీట్లలో క్రోటన్ మొక్కలు పెట్టి, హోటలు ముందు నిలబెడతారట. ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నారు. పూలకుండీగా బతకడమంటే నాకు నిజంగానే వణుకొచ్చింది.

శనివారం మధ్యాహ్నం జబ్బారు ఆఖరిసారిగా చూసి చేతులు తుడుచుకున్నాడు. "నాకు తెల్సిన వైద్యం అయిపోయిందండి, డాక్టరుగారూ."

డాక్టరు గారు కుర్చీ లాక్కుని నా ముందు కూర్చున్నారు. అలవాటు కొద్దీ, రోగిని అడిగినట్టే అడిగారు.

"చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా? వేడెక్కాక ఎక్కువా?"

నాకు నోరెక్కడిది? గుమ్మంలోంచి అనసూయమ్మ జవాబు చెప్పింది. "రెండూ ఒకటేనండి. కదుల్తుంటే తగ్గుద్ది, ఆగితే పెరుగుద్ది."

"చప్పుడేమైనా ఉందా?"

"ఆగినప్పుడు నా కాళ్ళ దగ్గర బుస్సుమంటది. పాము దూరిందేమోనని కాళ్ళు పైకి పెట్టుక్కూర్చుంటాను. ఇంజిను రొదలో మీకు వినపడదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరెప్పుడైనా అడిగారా?"

జబ్బారు తలెత్తాడు. "ఆగినప్పుడే బుస్సంటే ఎక్కడో గాలి పీలుస్తోందండి, అమ్మగారూ. నేనేమో కార్బురేటరు పట్టుకు వేళ్ళాడుతున్నాను."

నన్ను స్టార్టు చేశారు. డాక్టరు గారు స్టెతస్కోపు తెచ్చారు. దాని బిళ్ళ ఊడదీసి, గొట్టం కొసని జబ్బారు ఇంజినంతా తిప్పుతుంటే, ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. అనసూయమ్మ కాళ్ళు పెట్టుకునే చోటికి అటువైపు, ఇంజినుకీ సీట్లకీ మధ్య ఉండే అడ్డురేకు పక్కన, ఆయన చెయ్యి ఎత్తారు. అక్కడ ఇంజిను నుంచి బ్రేకుకి పోయే రబ్బరు గాలిగొట్టం అడుగున చీలి ఉంది. పరుగులో ఉన్నప్పుడు ఆ కాస్త దొంగగాలి నన్నేమీ చెయ్యదు. నిలబడితేనే ఊపిరి తప్పిస్తుంది. జబ్బారు చీలికని వేలితో మూశాడు. నా వణుకు ఠక్కున ఆగింది. వెంటనే కొత్త గొట్టం బిగించాడు.

ఆదివారం భద్రంగారు ఆటోలో మొక్కలతో సహా దిగారు. అనసూయమ్మ కాఫీ ఇచ్చింది.

"మా బండికి నయమైందండి. ఇవ్వడం లేదు."

"ఇచ్చేద్దామన్నది మీరే కదమ్మా?"

"అప్పుడు తోసేది కూడా నేనే కదండీ."

ఆ సాయంత్రం ఇద్దరూ షికారు బయల్దేరారు. రైలు గేటు పడి ఉంది. ఆగాను. డాక్టరు గారి కాలు అలవాటుగా యాక్సిలరేటరు మీదికి పోయి, అవసరం లేక వెనక్కి వచ్చింది. నేను పిల్లిలా మెల్లగా గురగురలాడుతున్నాను. ఆ నిశ్శబ్దం ఆయనకి కొత్త. కాసేపు స్టీరింగు తడిమి, భార్య వైపు తిరిగారు.

"నేను అడగనివి ఇంకేమైనా ఉన్నాయా?"

"బోల్డున్నాయి," అని ఆవిడ సీట్లో సర్దుకుని మొదలుపెట్టింది.

రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనక లారీవాడు హారను మోగిస్తూనే ఉన్నాడు. ఆయన మాత్రం గేరు వెయ్యలేదు, వింటున్నారు.