చీపుర్ల గదిలో మూడు చుక్కలు

పిస్టల్‌కి నైట్ సైట్లు, అంటే చీకట్లో గురి చూసే చుక్కలు, అమ్మడానికి మా షాపులో ఒక పద్ధతి ఉంది. లైట్ల కింద చూస్తే ఆ సైట్లన్నీ ఒకేలా ఉంటాయి. చిన్న ఇనుప ముక్కలు, వాటి మీద చుక్కలు, అంతే. అందుకని మా నాన్న కాలం నుంచీ, కొనడానికి వచ్చినవాళ్ళని వెనకున్న చీపుర్ల గదిలోకి పంపి తలుపు వేస్తాం. బకెట్ పక్కన నిలబడి వంద లెక్కపెట్టుకోవాలి. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చుక్కలు వెలుగుతూ కనిపిస్తాయి. ఏ రకం తన కంటికి నప్పిందో బయటికొచ్చి చెప్పాలి. ఆ గదిలో మా షెరీఫ్ నిలబడ్డాడు, పాస్టర్ నిలబడ్డాడు. పెళ్ళికి ముందురోజు ఒక పెళ్ళికొడుకు లోపలికెళ్ళి అరగంట దాకా బయటికి రాలేదు.

లోపలికి ఇచ్చి పంపేవి నిజం పిస్టళ్ళు కావు. నీలం రంగు ప్లాస్టిక్ బొమ్మలకి అసలైన సైట్లు బిగించి ఉంచాం. నాలుగు మేకులకి నాలుగు బొమ్మలు వేలాడుతుంటాయి. వాటిలో నాలుగోది చచ్చినది. చుక్కల్లో వెలిగే వాయువు పన్నెండేళ్ళకల్లా సగానికి పడిపోతుంది, మరికొన్నేళ్ళకి మొత్తం ఆరిపోతుంది. ఈ మాట చెబితే ఎవరూ నమ్మడం లేదని మా నాన్న ఒక పాత జతను చూపించడానికి అట్టే పెట్టాడు. ఆయన పోయాక నేనూ దాన్ని తీసెయ్యలేదు.

మే మొదటి వారంలో కోచ్ వచ్చాడు. అసలు పేరు ఓరిన్ టాగర్ట్. బిగ్‌హార్న్ కొండల కింద మూడొందల గొర్రెలున్న మనిషి, ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. మా కౌంటీలో నలభై దాటినవాళ్ళలో సగం మందికి తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే, శనివారాలు పిల్లల క్లబ్బులో. నాకు నేర్పేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు యాభై రెండు, అయినా ఆయన నన్ను పిల్లా అనే పిలుస్తాడు, నేను ఆయన్ని కోచ్ అనే పిలుస్తాను.

క్లబ్బులో ఆయనకి ఒక అలవాటుండేది. రైఫిల్ ఎత్తాక, "కోచ్, నాకు సరిగ్గా కనపడటం లేదు" అని దించేసిన పిల్లకి జేబులోంచి బటర్‌స్కాచ్ మిఠాయి బిళ్ళ తీసి ఇచ్చేవాడు. గురి చూసి డబ్బాని పడగొట్టినవాడికి ఏమీ ఇచ్చేవాడు కాదు. మొదటి నెలంతా మేం బిళ్ళల కోసమే గుడ్డివాళ్ళమయ్యాం. ఆయనకి తెలుసు, తెలిసే ఇచ్చేవాడు. ఆ రోజుల గుర్తుగా నా కౌంటర్ మీద ఒక సీసా నిండా అవే బిళ్ళలు పెట్టుకున్నాను.

ఆ రోజు ఆయన తన పాత పిస్టల్‌లోంచి గుండ్లు తీసేసి, గొట్టంలో చిటికెనవేలు పెట్టి తడిమి, ఖాళీయేనని చూసుకున్నాకే కౌంటర్ మీద పెట్టాడు. అలా తడమడం మాకు నేర్పింది కూడా ఆయనే, కాకపోతే ముందు కంటితో చూసి తర్వాత తడమమనేవాడు. ఆ కంటితో చూడటం మానేశాడని నేనప్పుడు గమనించలేదు.

"దీనికి చీకట్లో వెలిగే చుక్కలు పెట్టాలి పిల్లా."

"ఇన్నేళ్ళూ లేకుండానే నెట్టుకొచ్చారు కదా కోచ్. ఇప్పుడేం ముంచుకొచ్చింది?"

"కొండసింహం దిగింది. ఒక పక్క గొర్రెలు ఈనుతున్నాయి. పొద్దుగూకాక కొట్టం దాకా నేనే వెళ్ళాలి."

"ఇంట్లో వర్నా గారు ఒప్పుకున్నారా?"

"ఆవిడ ఎదురుగా పశువుల మందుల కొట్లో ఉంది. ఆవిడ వచ్చేలోపు తేల్చెయ్."

మొదటి బొమ్మ ఇచ్చి పంపాను. తలుపు వెనకనుంచి ఆయన లెక్క వినిపించింది. వందకి ఒక్కటి తగ్గించడు. బయటికొచ్చి బాగుందన్నాడు. రెండోది ఇచ్చాను, అదీ బాగుందన్నాడు.

"గొర్రెల సంతలో కూడా ఇలాగే అన్నీ బాగున్నాయంటారా?" అన్నాను.

"నోరు తగ్గించి మూడోది ఇవ్వు."

ఇంతలో ఫోన్ మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, చూడకుండానే మేకు మీది బొమ్మ తీసి చేతికిచ్చాను. నేను ఫోన్ పెట్టేసరికి ఆయన బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇదీ అసలైనది. మూడు చుక్కలూ ఆకుపచ్చగా ఎంత స్పష్టంగా ఉన్నాయో. ఇదే బిగించెయ్."

బొమ్మని అందుకుని తిప్పి చూశాను. పిడి మీద అంటించిన చీటీలో మా నాన్న చేతిరాత ఉంది. 'చచ్చింది'.

ముందు నవ్వొచ్చింది. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. తల ఎత్తి చూస్తే ఆయన నన్ను కాకుండా నా చెవి పక్కనెక్కడో చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది. ఆ గదిలో మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఈ మనిషి చీకటి తప్ప మరేమీ చూడలేదు. బాగున్నవీ చచ్చినదీ ఆయనకి ఒకటే. అమ్మనంటే నన్ను ఇంతదాన్ని చేసిన మనిషి పరువు నా షాపులోనే తీసినట్టవుతుంది. మారు మాట్లాడకుండా అమ్మితే, గుండ్లు నిండిన పిస్టల్ చేతికిచ్చి, చూపు లేని మనిషిని మసక చీకట్లో గొర్రెల మధ్యకి పంపినట్టవుతుంది. ఆ గొర్రెల మధ్యే వర్నా గారు కూడా తిరుగుతుంటారు.

ఆలోచన తెగకముందే బయట మెట్ల మీద దగ్గు వినిపించింది, రెండుసార్లు, గట్టిగా. తర్వాత తలుపు గంట మోగి వర్నా గారు లోపలికొచ్చారు, చేతిలో టీకా మందుల పెట్టెతో.

"జలుబు చేసిందా?" అన్నాను.

"పోయిన నెల నుంచీ పట్టుకుంది. వదలట్లేదు."

"డాక్టర్ దగ్గరికి పదమంటే వినదు," అన్నాడు కోచ్. "కోళ్ళ గూడు దగ్గర దగ్గు, కొట్టం దగ్గర దగ్గు. గొర్రెలు కూడా విసుక్కుంటున్నాయి."

"నీతో యాభై నాలుగేళ్ళు కాపురం చేసి బతికి బట్టకట్టాను, దగ్గుకి పోతానా?" అని ఆవిడ పెట్టె కింద పెట్టారు. "సైట్లు ఎంచుకున్నాడా మా వాడు?"

నేను కౌంటర్ మీది సీసా మూత తీశాను. ఒక బటర్‌స్కాచ్ బిళ్ళ తీసి ఆయన చేతి పక్కన పెట్టాను. కాగితం గరగరమన్న చప్పుడుకి ఆయన తల అటు తిప్పాడు. చప్పుడు కాకపోతే ఆ బిళ్ళ అక్కడ ఉందనే తెలిసేది కాదు.

"కోచ్," అన్నాను, "నేను శనివారం క్లబ్బులో పిల్లననుకోకండి. ఇవాళ మీరే ఆ పిల్ల. ఆ గదిలో ఏం కనిపించింది?"

నామీద కోపం వచ్చి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళిపోయినా పిస్టల్ మాత్రం ఇవ్వకూడదనుకుని దాని మీద చెయ్యి వేశాను. ఆయన చెయ్యి కౌంటర్ మీద తడుముకుంటూ వెళ్ళి బిళ్ళని పట్టుకుంది.

"నాకు సరిగ్గా కనపడటం లేదు," అన్నాడు.

ఏళ్ళ తరబడి పిల్లల నోట ఆయన విన్న మాట అది. ఆయన నోట వింటే నాకు ఏడుపొచ్చింది.

"చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా ఎదురుగా ఉన్నదే కనిపించదు. చుక్కలు వెలిగితే సర్దుకుంటుందనుకున్నా." తర్వాత ఆయన భార్య వైపు తిరిగాడు. "వర్నా, నీకొకటి చెప్పలేదు. పోయిన నెల కొట్టం పక్కన, కంచె దగ్గర, గోధుమరంగుది ఏదో వంగి కదులుతోంది. సింహమే అనుకున్నా. పిస్టల్ ఎత్తాను. వేలు కూడా ట్రిగ్గర్ మీద పెట్టేశాను. అప్పుడది దగ్గింది."

"తెలుసు," అన్నారు వర్నా గారు.

"నన్ను చూశావా?"

"నీ పాత కోటు వేసుకుని, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లని ఎత్తుకుంటున్నా. తల ఎత్తితే గొట్టం నా వైపే ఉంది. అందుకే దగ్గాను."

"పేరు పెట్టి పిలవొచ్చుగా."

"పిలిస్తే నేను చూశానని నీకు తెలిసిపోయేది. ఆ తర్వాత నువ్వు ముద్ద మింగేవాడివా? నిద్రపోయేవాడివా? నీ అంతట నువ్వే చెబుతావులే, అప్పటిదాకా దగ్గుతూ తిరుగుదాం అనుకున్నా."

ఆవిడకి జలుబూ లేదు, ఏమీ లేదు. నెల రోజులుగా ప్రతి తలుపు ముందూ, ప్రతి కంచె పక్కనా, నేను వర్నానే, కాల్చకు అని చెప్పుకుంటూ తిరుగుతున్నారు. దానికి ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్ళమని పోరు పెడుతున్నాడు. నేను చీపుర్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని కళ్ళు తుడుచుకున్నాను. బయటికొచ్చేసరికి ఆయన నుదురు ఆవిడ భుజం మీద ఉంది, ఆవిడ ఆయన వీపు నిమురుతున్నారు. బిళ్ళ ఆయన బుగ్గలో ఉంది.

"సరే, సింహం అక్కడే ఉంది కదా," అన్నారు వర్నా గారు కాసేపటికి. "ఆ పిస్టల్ ఇక నాది. నాకు ఎంచి పెట్టండి."

అలా ఆవిడ చీపుర్ల గదిలోకి వెళ్ళారు. కోచ్ తలుపు బయట వీపు ఆనించి నిలబడ్డాడు. గొంతు మాత్రం నాకు తొమ్మిదేళ్ళప్పుడు క్లబ్బులో విన్న గొంతే.

"వంద లెక్కపెట్టావా?"

"పెట్టాను."

"అబద్ధం. నలభై కూడా కాలేదు. మళ్ళీ మొదలుపెట్టు."

లోపలినుంచి విసుక్కుంటూ లెక్క మొదలైంది. వంద అయ్యాక ఆయన అడిగాడు.

"ముందు చుక్క ఏ రంగు?"

"ఆకుపచ్చ."

"వెనక రెండూ?"

"పసుపు."

"కంగారులో ఏది ముందుదో తికమక పడతావా?"

"రంగులు వేరుగా ఉంటే ఎందుకు పడతాను? నన్నేమనుకుంటున్నావ్?"

"అదే తీసుకో," అన్నాడు. ఆ తలుపుకి తల ఆనించి, ఇంకా చిన్నగా, "ఆ చుక్కల వెనక ఏముందో కనపడకపోతే మాత్రం దించెయ్యి" అన్నాడు.

"దించేస్తే నాకు బిళ్ళ ఇస్తావా?"

"సీసా మొత్తం ఇస్తా."

పాత సైట్లు తీసేసి కొత్తవి ఆ మధ్యాహ్నమే బిగించి ఇచ్చాను. బిళ్ళల సీసా కూడా ఇచ్చేశాను, ఆయన మాట పోకుండా.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం కౌంటర్ తుడుస్తున్నాను. బయట మెట్ల మీద దగ్గు, రెండుసార్లు, గట్టిగా. వర్నా గారు ఇంకా ఆ అలవాటు మానలేదేమిటా అని తల ఎత్తాను. తలుపు తోసుకుని ముందు వచ్చింది కోచ్, ఖాళీ సీసా పట్టుకుని. వెనక వర్నా గారు, నడుముకి పిస్టల్, నవ్వు ఆపుకుంటూ.

"మీకెప్పుడు పట్టుకుంది కోచ్ ఈ దగ్గు?"

"పిస్టల్ ఆవిడ దగ్గరుంది కదా పిల్లా," అన్నాడాయన. "కొట్టంలో గొర్రెపిల్లల్ని ఎత్తుకునేది ఇప్పుడు నేను."