మేములో లేనివాళ్లు

కంపెనీ మునిగింది సముద్రం అవతల. తడిసింది మాత్రం ఇక్కడివాళ్లు.

మా ఊరి అద్దకం ఫ్యాక్టరీకి హెడ్డాఫీసు వేరే దేశంలో ఉండేది. అది దివాలా తీసింది. అక్కడి కోర్టు ఆస్తులు పోగు చెయ్యడానికి ఒక లిక్విడేటర్‌ని వేసింది. ఆయన మా కోర్టు సాయం కోరాడు. కంపెనీకి ఇక్కడ పనిచేసిన లాయరు దగ్గరున్న కాగితాలన్నీ ఇప్పించమన్నాడు. ఆ లాయరుని నేనే. ఒకప్పుడు ఫ్యాక్టరీ అద్దె పత్రాలు రాసిన పాపానికి.

వాటిని ఇవ్వడానికి నాకు పేచీ లేదు. లాయరుకు చెప్పుకున్న రహస్యం చెప్పుకున్నవాళ్ల సొత్తు. కంపెనీ రహస్యాలు కంపెనీతోపాటే లిక్విడేటర్ చేతికి పోతాయి, పోనీ. మా బాబాయే నా గుమాస్తా. ఆ పెట్టెలు తనే మోసుకెళ్లి కోర్టులో ఇచ్చేశాడు. నేను ఇవ్వనిది ఒక్క కవరు. అది కంపెనీది కాదు, రంగుల సెక్షన్ సూపర్‌వైజరుది.

ఫ్యాక్టరీ మూతపడక ముందే కొన్ని యంత్రాలు లారీలెక్కి మాయమయ్యాయి. షెడ్డు తాళాలు ఆమె దగ్గరుండేవని ఊరంతా ఎరిగిందే. తలుపు ఎవరు తియ్యమన్నారు, ఆమెకేం తెలుసు, అన్నీ నా దగ్గరికొచ్చి చెప్పుకుంది. అది రాసిపెట్టిన కాగితాలే ఆ కవరులో ఉన్నాయి. ఏం చెప్పుకుందో మీకూ చెప్పను. ఒక్కటి మాత్రం తెలుసుకోండి. ఆ కవరు తెరిస్తే ఓనర్ల సరసన ఆమె కూడా ఆ దేశం కోర్టులో నిలబడాలి. వాళ్ల వెనక లాయర్ల దండు ఉంది. ఆమె వెనక ఉన్నది నేనూ, బస్సు నడిపే మొగుడూ.

"ఇచ్చేద్దామే," అన్నాడు బాబాయి. "పైవాళ్లతో మనకెందుకు?"

"ఇవ్వను."

"మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిది జడ్జిగారికంటే బలమైందని ఎవరూ అనలేదు."

"ఇప్పుడంటారు," అన్నాను.

విచారణ రోజు ఆమె వెనక బెంచీలో కూర్చుంది. రంగు నీళ్లలో నాని నీలమెక్కిన గోళ్లను చీర చెంగులో దాచుకుంది. లిక్విడేటర్ తరఫు లాయరు కొత్త సూటులో ఘుమఘుమలాడుతూ వచ్చాడు. ఆ దేశం నుంచి వచ్చిన అనువాదం ఒకటి పైకి చదివాడు. మూతపడబోయే రోజుల్లో ఆమె ఫ్యాక్టరీ మేనేజరు ఫోనుకు మాటలు రికార్డు చేసి పంపిందట. తామంతా లాయరు గారిని కలిసొచ్చామని చెప్పిందట.

"తామంతా అంటే ఎవరండీ? ఆమే, మేనేజరూ. అంటే కంపెనీయే," అన్నాడు. "కాబట్టి ఆ రహస్యం మా సొత్తు."

జడ్జిగారు కళ్లజోడు సవరించుకున్నారు. "సాటి కోర్టు సాయం అడిగింది. మీరేమంటారమ్మా?"

"సాయం చెయ్యమని నేనూ అంటానండీ. కానీ ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు ఉండకూడదు."

"కవరు తెరవకపోతే ధిక్కారం కింద జైలుకు పంపాల్సి వస్తుంది. తెలుసుగా?"

"తెలుసండీ. పంపండి. కవరు మాత్రం తెరవను."

వెనక బెంచీలో ఆమె ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు వినబడింది. నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం. దానికంటే ముందు ఒళ్లు మండింది. తాళం పట్టుకున్న మనిషిని దొంగని చెయ్యడానికి ఇంతమంది సూట్లు వేసుకుని రావాలా? ఆ కోపంలోనే ఒక సంగతి తట్టింది. అందరూ ఆ అనువాదం చదివారు. ఆమె గొంతు విన్నవాడు ఒక్కడూ లేడు.

"అసలు రికార్డు వినిపించమనండి," అన్నాను. "అది వాళ్ల దగ్గరే ఉంది. నేనేమీ బయటపెట్టక్కర్లేదు."

కొత్త సూటు నసిగాడు. జడ్జిగారు వినిపించమన్నారు. హాల్లో ఆమె గొంతు సన్నగా పలికింది. "సార్, మేము లాయరు గారిని కలిసొచ్చాం. రేపు పనిలోకి వస్తాను."

"విన్నారుగా, అదే మాట," అన్నాడు కొత్త సూటు.

"కాదండీ. ఆ దేశం భాషలో 'మనం' అన్నా 'మేము' అన్నా ఒకటే మాట. మనకు రెండున్నాయి." నేను జడ్జిగారి వైపు తిరిగాను. "అయ్యా, మధ్యాహ్నం రెండవుతోంది. 'మేము భోంచేశాం' అని నేను మీతో అంటే, మీరు భోంచేసినట్టా?"

ఆయన గోడ గడియారం చూసి నిట్టూర్చారు. "నేనింకా చెయ్యలేదమ్మా."

"అంతేనండీ. ఈమె మాట్లాడింది మేనేజరుతో. ఆయన కూడా వచ్చుంటే 'మనం' అనేది. 'మేము' అంది. అంటే నువ్వు కాకుండా అని. ఆ మాటతో మేనేజరును గుమ్మం బయటే నిలబెట్టింది. ఆయనతోపాటు కంపెనీనీ."

"మరి ఆ మేములో ఇంకెవరు?" అడిగారు జడ్జిగారు.

వెనక నుంచి ఆమె మొగుడు లేచాడు, చేతిలో డ్రైవరు టోపీ నలుపుతూ. "నేనండీ. అమ్మగారి గది బయట బల్ల మీద కూర్చున్నాను. లోపలికి రానివ్వలేదు."

హాలు నవ్వింది. జడ్జిగారు కూడా నవ్వారు. ఆ మేనేజరు ఆమెతోపాటు నా గడప తొక్కాడని వేరే రుజువేమైనా ఉందా అని కొత్త సూటును అడిగారు. లేదు. పైదేశం కోర్టుకు సాయం చేస్తామనీ, కంపెనీ కాగితాలన్నీ తీసుకెళ్లమనీ, ఈ కవరు మాత్రం ఆమెదేననీ రాయించారు. రాయించి భోజనానికి లేచారు.

ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నువ్వు జైలుకెళ్తే నేనేమైపోవాలి?" అంది.

"నన్ను భరించలేక వాళ్లే వదిలేస్తారులేవే," అన్నాను.

వరండాలో కొత్త సూటు మమ్మల్ని అందుకున్నాడు. ఓడినా మర్యాద పోగొట్టుకోలేదు. నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "మేడమ్, కేసయిపోయింది. ఇద్దరం లాయర్లమే. మనలో మనమాట, ఇంతకీ ఆవిడ ఏం చెప్పింది?"

కవరు చంకలో పెట్టుకుని, వెనక్కి నడిచి ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"ఇందులో 'మనం' లేదండీ," అన్నాను. "మేమే."