డ్యూటీకి వెళ్ళే గొంతు

పొద్దున్న ఏడున్నర. ముసురు పట్టి ఉంది. ఆరని బట్టలు ఇంట్లోనే తాళ్ళ మీద వేలాడుతున్నాయి. వాటి కింద తల వంచుకుని నలుగురూ అటూ ఇటూ తిరుగుతున్నారు. ఇంటాయన బస్సు డిపోకి, చిన్నది కాలేజీకి, పెద్దది ఆసుపత్రికి. ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ గొంతు మాత్రం ఆసుపత్రికి వెళ్తుంది.

అది వెళ్ళేలోగా చెప్పాల్సినవన్నీ చెప్పేస్తుంది. "గొడుగు. డబ్బా. ఒసేయ్ చిన్నదానా, పాలు పొంగుతున్నాయి చూడు." ఆ తర్వాత ఓ గుక్క గోరువెచ్చని నీళ్ళు తాగి నోరు మూసుకుంటుంది. పెద్దది గుమ్మం దిగగానే మెడ దగ్గర సన్నగా చలి వేస్తుంది. గొంతు వెళ్ళిందన్నమాట. మళ్ళీ సాయంత్రం ఆరింటికి, పెద్దది డ్యూటీ దిగే వేళకి, అది తిరిగొస్తుంది.

ఆ వీధిలో ఇది అందరికీ తెలిసిందే. కూరగాయలతను పగలు వస్తే తూచి గుమ్మంలో పెట్టేసి, "బేరం సాయంత్రం ఆడుకుందాం లెండమ్మా, ఇప్పుడు మీ గొంతు డ్యూటీలో ఉంది కదా," అని వెళ్ళిపోతాడు. పక్కింటావిడ మాత్రం ఏరికోరి పగలే వచ్చి కూర్చుంటుంది. ఎదురు చెప్పని మనిషి దొరకడం ఆమెకి మహా సుఖం.

ఇదివరకు ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చునేది. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఎప్పుడు కదులుతుందో రోజంతా చెప్పేది. మాటలన్నీ మైకుకి పోసేసి ఖాళీగా ఇంటికొచ్చేది. "ప్లాట్‌ఫారం నంబరు లేకపోతే మీ అమ్మకి అన్నానికి పిలవడం కూడా రాదే," అని ఇంటాయన పిల్లలతో అనేవాడు. తర్వాత బస్టాండులో యంత్రం పెట్టారు. ఆవిడ ఇంట్లో కూర్చుంది.

అప్పుడే పెద్దది ఈ కబురు తెచ్చింది. ఆసుపత్రివాళ్ళు నర్సుల మనసు బాగోగులు కనుక్కోవడానికి ఒక యాప్ చేయిస్తున్నారట. దానికి ఒక గొంతు కావాలట, వినగానే నమ్మకం కలిగేది.

పరుపులు అంటించినట్టున్న ఓ చిన్న గదిలో కూర్చోబెట్టి ఆవిడ చేత వాక్యాలు చదివించారు. అద్దానికి అవతల ఇంజనీరు కుర్రాడు చెవులకి డిప్పలు పెట్టుకుని వింటున్నాడు.

"ఆంటీ, చాలా బాగా చెబుతున్నారు. మధ్యలో ఆ ఊఁలు మాత్రం వద్దు."

"ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఊఁ కొట్టకపోతే ఎలా నాయనా?"

"ఎదుటివాళ్ళు మాట్లాడరాంటీ. నొక్కుతారు."

అలవాటు ఎక్కడికి పోతుంది. ఎంత ఆపుకున్నా ఊఁలు పడుతూనే ఉన్నాయి. అతను ఓపిగ్గా కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరి పారేశాడు.

ఆ మర్నాటి నుంచే గొంతు డ్యూటీకి వెళ్ళడం మొదలైంది.

నర్సు వార్డులో అడుగు పెట్టగానే ఫోన్ పలకరిస్తుంది. "నమస్తే. ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?" తెర మీద మూడు మొహాలు వస్తాయి. నవ్వుతున్న పచ్చ మొహం, మూతి తిన్నగా ఉన్న పసుపు మొహం, కళ్ళు దించుకున్న ఎర్ర మొహం. ఏదో ఒకటి నొక్కితే తప్ప హాజరు పడదు. పొద్దున్న డ్యూటీ అప్పగింతల వేళ అంత తీరిక ఎవరికుంటుంది? పెద్దదే ఓ ఉపాయం కనిపెట్టింది. సూదులు పెట్టుకునే స్టీలు ట్రేలో అందరి ఫోన్లూ పోగేసి, ఆ చివర నుంచి ఈ చివరికి పచ్చ మొహాలు నొక్కేసేది.

"ఏడు ఫోన్లలోంచి ఒకేసారి అడుగుతావమ్మా, ఎలా ఉన్నారని. ఏడుగురి తరఫునా నేనే నవ్వేస్తా," అని మొదట్లో పడీ పడీ నవ్వేది.

అందుకేనేమో, గొంతు అలసట లేకుండా తిరిగొచ్చేది. బస్టాండు రోజుల్లో సాయంత్రానికి బొంగురుపోయేది. ఇప్పుడు ఎవరూ ఎక్కని బస్సు డిపోకి వచ్చినట్టు వచ్చేది.

ఆసుపత్రి మొత్తానికి హాయిగా ఉన్న వార్డు అదేనని తేలింది. కేకు కోశారు, గోడకి ఒక సర్టిఫికెట్ తగిలించారు. అంత హాయిగా ఉన్న చోట ఇంతమంది ఎందుకని ఆ నెలలోనే ఒక నర్సుని తీసి వేరే వార్డుకి మార్చారు.

తర్వాత కిటికీ పక్క మంచం సంగతి జరిగింది. అందులో ఒక ముసలాయన ఉండేవాడు. పెద్దదాన్ని "మనవరాలా" అని పిలిచేవాడు. ఆ రోజు పెద్దది ఆయాసపడుతున్న ఇంకొకరి దగ్గర ఉంది. ముసలాయన రెండుసార్లు పిలిచాడు. "వస్తున్నా తాతా," అంది. ఆయన ఆగలేక తనంతట తనే లేచి పడిపోయాడు. మళ్ళీ కోలుకోలేదు. ఎవరి తప్పూ లేదని పెద్ద డాక్టరు రాసిచ్చాడు. పెద్దదాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే తనకి మరీ కష్టమైపోయినట్టుంది.

నవ్వడం మానేసింది. పంపు కింద చేతులు పెట్టి అలా కడుగుతూనే ఉండేది. పళ్ళెంలో అన్నం కెలికి లేచిపోయేది. ఇష్టపడి కొనుక్కున్న చేతి గడియారం తీసి చెల్లెలికిచ్చింది. "నాకెందుకే, నువ్వు పెట్టుకో." చిన్నది సంబరపడింది. ఆవిడ మాత్రం పెద్దదాని ఖాళీ మణికట్టునే చూసింది.

ఒక సాయంత్రం తల్లీకూతుళ్ళు బట్టలు మడత పెడుతున్నారు.

"నేను లేకపోయినా మీకు జరిగిపోతుంది కదమ్మా," అంది పెద్దది, దుప్పటి కొసలు కలుపుతూ. కూర బాగుందన్నంత మామూలుగా అంది.

గొంతు అప్పటికే ఇంటికొచ్చి ఉంది. ఆవిడ దగ్గరే ఉంది. ఏమనాలో తెలియక ఆవిడ, "పిచ్చి మాటలు. లే, తిందువుగాని," అనేసింది.

పెద్దది సరేనని లేచింది.

పెద్దది ఆ మాట అన్నది మొదలు ఆవిడకి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. పొయ్యి కట్టేశానా లేదా అని చూసొచ్చినట్టు పెద్దదాని గదిలోకి తొంగి చూసొచ్చేది. పగలంతా గొంతు లేదు. సాయంత్రం గొంతు ఉండేది గానీ మాట దొరికేది కాదు.

రెండు రోజులు పోయాక ఒక సాయంత్రం ఆరైంది. ఆరున్నరైంది. వాన జోరుగా పడుతోంది. గొంతు రాలేదు. పెద్దది కూడా రాలేదు.

ఆవిడ వేలాడే బట్టల కింద తిరుగుతోంది. వీధి తలుపు దాకా వెళ్తుంది, మెడ తడుముకుంటుంది, వెనక్కొస్తుంది.

"అమ్మా, కాసేపు కూర్చో. నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది చిన్నది. అంటూనే అక్కకి ఫోన్ చేసింది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వస్తోంది. ఇంకాసేపాగి చేసినా అంతే. చివరికి వార్డుకి చేసింది. హెడ్ సిస్టర్ ఎత్తింది.

"తను ఎప్పుడో డ్యూటీ అప్పగించి వెళ్ళిపోయిందమ్మా. ఉండు, బ్యాగు ఇక్కడే ఉందేంటి?"

చిన్నది ఫోన్ దించేసరికి తల్లి గుమ్మం దిగి వానలో ఉంది.

"అమ్మా, చెప్పులు," అంటూ వెనకాల పరిగెత్తింది.

ఆటోలో ఆవిడ ముందు సీటు కమ్మీ పట్టుకుని అంచు మీదే కూర్చుంది. ఎర్ర దీపం పడ్డచోటల్లా చిన్నదే తల్లి బదులు మాట్లాడింది. "కొంచెం తొందరగా పోనివ్వండన్నా. మా అమ్మ గొంతు డ్యూటీ నుంచి రాలేదు. మా అక్క కూడా రాలేదు." ఆటో అతను సందులోకి తిప్పాడు.

హెడ్ సిస్టర్ మెట్ల దగ్గర ఎదురైంది. బట్టలు మార్చుకునే గది చూశారట, కింద క్యాంటీన్ చూశారట. ఆమె ఇంకా ఏదో చెబుతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. పైన, చాలా పైన, మెట్ల మలుపుల మధ్య నుంచి ఒక చప్పుడు జారి వస్తోంది. వేరే వాళ్ళకి అది వాన చప్పుడులో కలిసిపోయేదే. కన్న బిడ్డ ఏడుపు పోల్చుకున్నట్టు ఆవిడ పోల్చుకుంది.

"ఊఁ."

మోకాళ్ళ నొప్పుల మనిషి, రెండేసి మెట్లు ఎక్కింది.

చిట్టచివరి మలుపులో పెద్దది కూర్చుని ఉంది. మేడ మీదికి తెరుచుకునే తలుపు బార్లా తీసి ఉంది. జల్లు లోపలికి కొడుతోంది. చెప్పులు తలుపుకి అవతల, మేడ మీద, జతగా విడిచి ఉన్నాయి. తలుపు నుంచి కూతురు కూర్చున్న మెట్టు దాకా తడి పాదాల గుర్తులున్నాయి. అంటే వెళ్ళింది. వెళ్ళి వెనక్కొచ్చింది. ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని మాట్లాడుతోంది.

"ఏడు నవ్వులూ నేనే నొక్కా."

"ఊఁ," అంది ఫోన్లోని గొంతు.

"ఆ నవ్వులు చూసేగా ఒక సిస్టర్ని తీసేశారు. తను ఉండుంటే తాతని పట్టుకునేది."

"ఊఁ."

"రెండుసార్లు పిలిచాడు. వస్తున్నా అన్నా."

గొంతు ఆగింది. తర్వాత, "ఊఁ. చెప్పు," అంది.

"ఇందాక అక్కడ నిలబడి ఎర్ర మొహం నొక్కా. ఊరికే, ఒక్కసారైనా నిజం నొక్కుదామని. రెండు పనిదినాల్లో మిమ్మల్ని సంప్రదిస్తాం, ధన్యవాదాలు అంటావనుకున్నా. నువ్వేమో ఊఁ అన్నావు. అందుకని చెబుతున్నా."

ఆవిడ దగ్గర ఆ క్షణాన గొంతు ఉండి ఉంటే ఏదో ఒకటి అనేసేదే. అయ్యో అనేది, పిచ్చిదానా అనేది, పద ఇంటికి అనేది. లేకపోబట్టి ఏమీ అనలేదు. కింది మెట్టు మీద కూర్చుని, కూతురి తడి పాదాలు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెద్దది కళ్ళు తెరిచి తల్లిని చూసింది. ఫోన్ చెవి నుంచి తియ్యలేదు. చూస్తూనే మిగతాది కూడా చెప్పింది. గొంతు పైన ఊఁ కొడుతుంటే ఆవిడ కింద పాదాలు రుద్దుతూ కూర్చుంది. చిన్నది మేడ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

వెనకే ఎక్కి వచ్చిన హెడ్ సిస్టర్ అంతా విన్నాక ముక్కు తుడుచుకుని కిందికి వెళ్ళింది. మనసు చూసే డాక్టరమ్మ ఇంటికి బయలుదేరి కారెక్కబోతుంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రెండు పనిదినాలు ఆగలేదు. ఆ డాక్టరమ్మ కూడా మెట్ల మీదే చతికిలబడి, మొట్టమొదట అడగాల్సిన మాట, చచ్చిపోవాలనిపించిందా అని, తిన్నగానే అడిగింది. పెద్దది నిజమే చెప్పింది. సెలవు రాశారు, మందులు రాశారు, వారం వారం రమ్మన్నారు. ప్రతిసారీ తల్లి తోడు వెళ్ళి బయట బెంచీ మీద కూర్చుంది.

ఇంజనీరు కుర్రాడు ఫోన్ చేశాడు. "ఆంటీ, ఆ ఊఁలు అన్నీ తీసేశాను, నాకు బాగా గుర్తు. ఇప్పుడు వెతికితే ఎక్కడా లేవు. కానీ వినిపిస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?"

పగటి పూట, గొంతు డ్యూటీలో ఉంది. చిన్నది తల్లి మొహం చూసి చెప్పింది. "ఏం చెయ్యొద్దంటోంది మా అమ్మ. చేత్తో కాదు, కళ్ళతో. కాబట్టి నిజంగా చెయ్యొద్దు."

వార్డులో ట్రే మళ్ళీ సూదులకే వాడుతున్నారు. ఎవరి ఫోన్ వాళ్ళే తీసుకుని ఓ మూలకి వెళ్తున్నారట. పచ్చ మొహాలు సగానికి పడిపోయాయి. గోడ మీది సర్టిఫికెట్ తీసుకెళ్ళిపోయారు. తీసేసిన నర్సుని మళ్ళీ ఈ వార్డుకే పంపారు.

పెద్దది మళ్ళీ డ్యూటీలో చేరాక ఒక సాయంత్రం. ఆరున్నర. మళ్ళీ ముసురే. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇంటాయన వచ్చాడు, చేతులకి గ్రీజు. ఒకటి. చిన్నది వచ్చింది, గొడుగు ఎక్కడో పారేసుకుని. రెండు. పెద్దది వచ్చింది, తడి చెప్పులు గుమ్మం పక్కన విడిచింది. ఆవిడ ఆ చెప్పుల వంక కాసేపు చూసి, వాటిని లోపలికి తెచ్చి పెట్టింది. మూడు.

గొంతు ఇంకా రాలేదు. ఈ మధ్య దానికి ఆలస్యమే. వచ్చేసరికి బొంగురుపోయి కూడా ఉంటోంది. ఆవిడ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

పెద్దది వంటింటి గడప మీద కూర్చుంది. అక్క గడియారం చిన్నది ఎప్పుడో తిరిగిచ్చేసింది, చేతికి అదే ఉంది. "అమ్మా, ఇవాళ వార్డులో ఏమైందో తెలుసా," అని మొదలుపెట్టింది.

ఆవిడ పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. మెడ దగ్గర చలి తగ్గి సన్నగా వెచ్చబడింది.

"ఊఁ," అంది బొంగురుగా.

నాలుగు. లేచి వీధి తలుపు గడియ వేసొచ్చి, మళ్ళీ కూర్చుంది. "చెప్పు."